ఇల్లు మారాం, ఏజెంటు టెక్సస్‌లో ఉన్నారు: కాలిఫోర్నియా ఎల్‌ఎల్‌సీకి స్టేట్‌మెంట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ ఎలా వేయాలి?

ట్రేసీ మగ్గం (2025 మే)

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో చిన్న ఎల్‌ఎల్‌సీ (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి.

నేనూ నా స్నేహితురాలూ కలిసి 2023 జూన్‌లో ఎల్‌ఎల్‌సీ పెట్టాం. మగ్గం వర్క్ బ్లౌజులు, ఓణీల ఫంక్షన్‌కి లంగావోణీలు, పెళ్లిచీరలకి కుచ్చులు. మగ్గం పని హైదరాబాద్‌లో చేయించి తెప్పిస్తాం. కొలతలు తీసుకోవడం, కుట్టడం, సరిచేయడం ఇక్కడ నా పని. అప్పట్లో మేము ఫ్రీమాంట్‌లో అద్దెకి ఉండేవాళ్లం. కాగితాలన్నీ మా మరిది చూసుకున్నాడు. ఏజెంట్ ఫర్ సర్వీస్ ఆఫ్ ప్రాసెస్ అన్న చోట కూడా తన పేరే రాశాడు, అడ్రస్ మాత్రం మా ఫ్రీమాంట్ ఇల్లే. కంపెనీ అడ్రస్, సభ్యులు, ఏజెంటు ఎవరో రాష్ట్రానికి చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్, పెట్టిన కొత్తలో వేయాల్సిన మొదటిది కూడా తనే వేసేశాడు.

పోయినేడు మేము ట్రేసీలో ఇల్లు కొనుక్కుని వచ్చేశాం. మరిది ఉద్యోగం మారి టెక్సస్‌లోని ఫ్రిస్కో వెళ్లిపోయాడు. నా స్నేహితురాలు వాళ్ల అత్తగారికి ఒంట్లో బాగోక హైదరాబాద్ వెళ్లి ఇక అక్కడే ఉండిపోయింది. పని మాత్రం ఇద్దరం చేస్తూనే ఉన్నాం, అక్కడి కారీగర్లని తనే చూసుకుంటుంది.

ఇప్పుడు పాత ఇంటి నుంచి ఫార్వర్డ్ అయి ఒక ఉత్తరం వచ్చింది. మా కంపెనీ పేరు, నంబరు, పెట్టిన తేదీ అన్నీ కరెక్టుగా ఉన్నాయి. కార్పొరేషన్స్ కోడ్ సెక్షన్లు ఏవో రాసి, స్టేట్‌మెంట్ వేయకపోతే 250 డాలర్ల పెనాల్టీ అని, రెండు వందల డాలర్ల పైచిలుకు చెక్కు పంపమని ఉంది. తిరిగి పంపడానికి కవరు కూడా లోపలే పెట్టారు. మావారు చూసి గవర్నమెంటు వాళ్లదే, కట్టేయమన్నారు. నాకెందుకో మనసొప్పలేదు.

ఇది నిజంగా కట్టాల్సిందేనా? నేనే వేసుకోవచ్చా? మరిది పేరు తీసి ఎవరి పేరు పెట్టాలి? స్నేహితురాలి హైదరాబాద్ అడ్రస్ ఒప్పుకుంటారా? అన్నిటికంటే నా భయం ఇంటి అడ్రస్ గురించి. ఇంట్లో ఆడపిల్లలున్నారు, ఎవరు పడితే వాళ్లు ఇంటర్నెట్‌లో మా అడ్రస్ చూడటం నాకు ఇష్టం లేదు.

మిల్పిటాస్ మామ

నాకూ ఒక ఎల్‌ఎల్‌సీ ఉందమ్మా, అద్దెకిచ్చిన ఇంటి కోసం పెట్టింది. ఏటా ఏప్రిల్ 15 లోపు ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డుకి (రాష్ట్ర పన్నుల శాఖ) 800 డాలర్లు కడతాను, రిటర్ను మా సీపీఏ (అకౌంటెంటు) వేస్తారు. ఈ స్టేట్‌మెంట్ విడిగా వేసినట్టు నాకైతే గుర్తులేదు. ఆ 800 లోనే అన్నీ కలిసిపోతాయనుకుంటున్నాను. తెలిసినవాళ్లు చెప్పాలి.

పద్దుల పద్మం

మగ్గం గారూ, ముందుగా ఆ చెక్కు పంపకండి.

నేను ఈస్ట్ బేలో చిన్న వ్యాపారాలకి పద్దులు రాస్తాను. చాలా ఏళ్లుగా ఇదే పని. మీకొచ్చిన లాంటి ఉత్తరం నా దగ్గరికి వచ్చే ప్రతి ఇంట్లోనూ చూశాను. అది ప్రభుత్వం పంపింది కాదు. ఉత్తరం తిప్పి చూడండి, ఎక్కడో సన్నటి అక్షరాల్లో తమకి ఏ ప్రభుత్వ శాఖతోనూ సంబంధం లేదని రాసి ఉండాలి. అలా రాయమని కాలిఫోర్నియా చట్టమే చెబుతోంది. మీ పేరు, నంబరు, తేదీ వాళ్లకెలా తెలిశాయంటే, సెక్రటరీ ఆఫ్ స్టేట్ (కంపెనీల్ని రిజిస్టర్ చేసే రాష్ట్ర శాఖ) రికార్డులు ఎవరైనా చూసుకోవచ్చు కాబట్టి. వాళ్లు రాసిన 250 పెనాల్టీ మాత్రం నిజమే, అందుకే భయమేస్తుంది. ఇలాంటి ఉత్తరాల గురించి సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లోనే హెచ్చరిక పెట్టారు. ఇంగ్లీషు సరిగా రాని పెద్దవాళ్లు భయపడి చెక్కులు రాసి పంపడం చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

అసలు ఫీజు 20 డాలర్లు. ఎల్‌ఎల్‌సీకి రెండేళ్లకోసారి. కార్పొరేషన్ అయితే ఏటేటా, 25 డాలర్లు. మీది ఎల్‌ఎల్‌సీ కాబట్టి 20 చాలు, మీరే వేసుకోవచ్చు.

మామగారూ, మీరన్న 800 వేరు, ఇది వేరు. 800 పన్ను, ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డుకి వెళ్తుంది. స్టేట్‌మెంట్ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి వెళ్తుంది. ఒకటి కడితే రెండోది తీరదు. చాలామంది సీపీఏలు రిటర్ను వరకే చూస్తారు, స్టేట్‌మెంట్ వేసే బాధ్యత వాళ్లతో చేసుకున్న ఒప్పందంలో ఉందో లేదో అడగాలి. సెక్రటరీ ఆఫ్ స్టేట్ వాళ్ల వెబ్‌సైట్ బిజ్‌ఫైల్‌లో మీ కంపెనీ పేరు కొట్టి వెతకండి, ఎప్పుడు ఏం వేశారో పీడీఎఫ్‌లతో సహా కనిపిస్తుంది. డబ్బులేమీ అడగరు.

ఇక గడువు. ఎల్‌ఎల్‌సీ రిజిస్టరైన 90 రోజుల్లో మొదటిది వేయాలి, అది మీ మరిదిగారు వేశారు. ఆ తర్వాత రెండేళ్లకోసారి, రిజిస్టరైన నెల ఆఖరి తేదీ లోపు. మీది 2023 జూన్ కాబట్టి 2025 జూన్ 30 గడువు, తర్వాత 2027, ఆ తర్వాత 2029. బేసి సంవత్సరంలో పెట్టిన ఎల్‌ఎల్‌సీకి ఎప్పుడూ బేసి సంవత్సరాలే. గడువు నెలా దానికి ముందు ఐదు నెలలూ కలిపి ఆరు నెలలు వేసుకునే కాలం, అంటే మీకు జనవరి 1 నుంచే తెరిచి ఉంది. బిజ్‌ఫైల్‌లో మీ కంపెనీ పేరు మీద నొక్కితే పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది, అందులో ఈ గడువు తేదీ రాసే ఉంటుంది. ఇంకా రిమైండర్ రాలేదు కదా అని ఆగకండి. నోటీసు అందకపోవడం సాకుగా పనికిరాదు.

గడువు దాటితే వెంటనే కొంప మునగదు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ నుంచి నోటీసు వస్తుంది, 60 రోజుల టైం ఉంటుంది. అప్పటికీ వేయకపోతే ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు 250 వేస్తుంది. అప్పటికీ కదలకపోతే కంపెనీని సస్పెండ్ చేస్తారు. ఆ స్థితిలో లీజు సంతకం, బ్యాంకు లోను, అమ్మకం అన్నీ ఆగిపోతాయి, అవతలివాళ్లు ముందు చూసేది ఆ స్టేటస్‌నే.

కానీ మీ ప్రశ్నల్లో అన్నిటికంటే బరువైనది గడువు కాదు, ఫీజూ కాదు. మీ మరిది పేరు.

ఏజెంట్ ఫర్ సర్వీస్ ఆఫ్ ప్రాసెస్ అంటే మీ కంపెనీ మీద ఎవరైనా దావా వేస్తే ఆ కోర్టు కాగితాలు మీ తరఫున అందుకునే మనిషి. కాలిఫోర్నియాలో నివసించేవాళ్లే అయ్యుండాలి, ఇక్కడి వీధి అడ్రస్ ఉండాలి, పోస్టాఫీసు బాక్సు పనికిరాదు. మీ మరిది ఫ్రిస్కో వెళ్లిన రోజు నుంచే మీ రికార్డులో ఉన్న సమాచారం తప్పు. ఎవరైనా కస్టమర్ గొడవ పడి దావా వేశారనుకోండి. ప్రాసెస్ సర్వర్, అంటే కోర్టు కాగితాలు అందించే మనిషి, ఫ్రీమాంట్ ఇంటికి వెళ్తాడు. అక్కడ మీరూ లేరు, మీ మరిదీ లేడు. తగినంత వెతికినా ఏజెంటు దొరకలేదని రుజువు చేస్తే, కోర్టు అనుమతితో ఆ కాగితాలు నేరుగా సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి ఇచ్చేయొచ్చు. అలా ఇచ్చిన పదో రోజున మీకు అందినట్టే లెక్క. వాళ్లు రికార్డులో ఉన్న అడ్రస్‌కి పంపుతారు, ఆ అడ్రసూ ఫ్రీమాంట్‌దే. జవాబు ఇవ్వడానికి మామూలుగా 30 రోజులు. అవి దాటితే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. నా క్లయింటు ఒకావిడ, ఇళ్లలో ఫంక్షన్లకి వంటలు చేసిచ్చే మనిషి. ఏజెంటుగా పాత రూమ్మేటు పేరు పెట్టుకుంది. ఆ అమ్మాయి పెళ్లయి వేరే రాష్ట్రం వెళ్లిపోయింది. ఒక హాలు అద్దె గొడవలో దావా పడితే ఈవిడకి తెలిసింది బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పట్టుకున్నాక. న్యాయం ఆవిడ పక్షాన ఉంది, రసీదులన్నీ ఉన్నాయి. చూపించడానికి చోటే లేకుండా పోయింది. ఆ తీర్పు రద్దు చేయించడానికి లాయరుకి పెట్టిన ఖర్చు అసలు గొడవ కంటే ఎక్కువైంది. అందుకే ఈ ఒక్క గడి గురించి నేను ప్రతివాళ్లకీ విసుగొచ్చేదాకా చెబుతాను.

మీరు చేయాల్సింది తేలిక. ఎల్‌ఎల్‌సీ తనకు తాను ఏజెంటు కాలేదు, కానీ అందులో సభ్యురాలైన మీరు కావచ్చు. మీ పేరు, ట్రేసీ అడ్రస్ పెట్టొచ్చు. ఆ అడ్రస్ బయటికి కనిపించకూడదంటే ఏజెంటుగా ఉండే కంపెనీలు ఉన్నాయి, కార్పొరేషన్స్ కోడ్ సెక్షన్ 1505 కింద సర్టిఫికెట్ దాఖలు చేసినవి. వాళ్లలో ఒకరిని పెట్టుకుంటే ఫారంలో వాళ్ల పేరు ఎంచుకోవడమే, అడ్రస్ రాయక్కర్లేదు. ఏడాదికి నూరు డాలర్లకి అటూ ఇటూ తీసుకుంటారు. ముందు వాళ్లతో ఒప్పందం చేసుకుని తర్వాతే పేరు రాయాలి. అలాంటి కంపెనీ పెట్టుకోవడం నా దృష్టిలో దండగ కాదు, పగలు ఇంట్లో ఎవరూ ఉండని వాళ్లకైతే మరీను. మీరు రోజంతా ఇంట్లోనే కుడతారు కాబట్టి మీరే ఉన్నా నష్టం లేదు.

ట్రేసీ మగ్గం

పద్మక్కా, ఉత్తరం తిప్పి చూశాను. మీరన్నట్టే కింద సన్నగా రాసి ఉంది! మావారికి చూపించాను, ఆయనా ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు బిజ్‌ఫైల్‌లో లాగిన్ చేసుకుని ఫారం తెరిచి కూర్చున్నాను. ఆగిపోయిన చోట్లు ఇవి. మెంబర్స్ ఆర్ మేనేజర్స్ దగ్గర ఇద్దరి పేర్లూ రాయాలా? తను అక్కడ ఉంది కాబట్టి తన పేరు తీసేస్తే తేలిక కదా అని మావారంటున్నారు. ఇంకోటి, లేబర్ జడ్జిమెంట్ అని ఏదో అడుగుతోంది, అదేంటో అర్థం కాలేదు. సీఈఓ ఎవరని కూడా ఉంది. మాకు సీఈఓ ఎవరూ లేరు.

ఫ్రిస్కో నుంచి

మీ మరిదిలాగే నేనూ కాలిఫోర్నియా నుంచి ఇటు వచ్చినవాణ్ణే. ఇక్కడికి మారేవాళ్లకి పనికొస్తుందని ఒక మాట. టెక్సస్‌లో దీనికి బదులు పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిపోర్ట్ ఉంటుంది, ఫ్రాంచైజ్ ట్యాక్స్‌తో పాటు ఏటా మే 15 లోపు కంప్ట్రోలర్‌కి (అక్కడి పన్నుల శాఖ) వేయాలి. 2024 నుంచి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు నో ట్యాక్స్ డ్యూ రిపోర్ట్ వేయక్కర్లేదన్నారు. దాంతో చాలామంది అసలేమీ వేయక్కర్లేదనుకున్నారు. ఎల్‌ఎల్‌సీ అయితే ఈ ఇన్ఫర్మేషన్ రిపోర్ట్ మాత్రం వేయాల్సిందే. న్యూజెర్సీలో మా బావగారు ఏటా 75 డాలర్లు కట్టి యాన్యువల్ రిపోర్ట్ వేస్తారు. రాష్ట్రానికో పేరు, రాష్ట్రానికో తేదీ. పక్క రాష్ట్రం వాళ్లు చెప్పింది విని వదిలేయొద్దు.

ఇంకోటి, డెలావేర్‌లో పెడితే ఈ గొడవ ఉండదని కొందరు చెబుతుంటారు. డెలావేర్ ఎల్‌ఎల్‌సీకి యాన్యువల్ రిపోర్ట్ లేని మాట నిజమే. కానీ వ్యాపారం కాలిఫోర్నియాలో చేస్తే అక్కడా రిజిస్టర్ చేయాలి, ఈ స్టేట్‌మెంటూ వేయాలి, 800 కూడా కట్టాలి. నేను కనుక్కున్నాకే ఆ ఆలోచన మానుకున్నాను.

పద్దుల పద్మం

ఫ్రిస్కో గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

మగ్గం గారూ, స్నేహితురాలి పేరు తీసేయకండి. మీరు ఎల్‌ఎల్‌సీ పెట్టేటప్పుడు వేసిన మొదటి కాగితం ఆర్టికల్స్ ఆఫ్ ఆర్గనైజేషన్, ఎల్‌ఎల్‌సీ-1. బిజ్‌ఫైల్‌లోనే దొరుకుతుంది, తీసి చూడండి. కంపెనీని మేనేజరు నడుపుతారా, సభ్యులందరూ నడుపుతారా అని అందులో ఒకటి టిక్ చేసి ఉంటుంది. సభ్యులందరూ అని ఉంటే స్టేట్‌మెంట్‌లో ఇద్దరి పేర్లూ రావాలి. ఒక మేనేజరు అని ఉండి ఆ మేనేజరు మీరే అయితే మీ ఒక్కరి పేరు చాలు. ఆ పద్ధతే మార్చాలనుకుంటే దానికి ఎల్‌ఎల్‌సీ-2 అని వేరే ఫారం, 30 డాలర్లు. స్టేట్‌మెంట్‌లో మార్చేస్తే మారిపోదు.

మీవారి సలహాలో ఒక ప్రమాదం ఉంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఈ ఫారంలో పేరు తీసేసినంత మాత్రాన ఆవిడ వాటా పోదు, పేరు చేర్చినంత మాత్రాన ఎవరికీ వాటా రాదు. వాటాలు మీ ఇద్దరూ సంతకాలు చేసిన ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో ఉంటాయి. పేరు మాయమైందని ఆవిడకి హైదరాబాద్‌లో ఎవరో చెబితే రేపు మనసులో ఏం కలుగుతుందో ఆలోచించండి. అక్కడ కారీగర్ల పని ఆవిడే చూస్తోంది, మీ వ్యాపారంలో సగం ఆవిడ. ఫారం పంపే ముందు ఆ పీడీఎఫ్ ఆవిడకి వాట్సాప్‌లో పెట్టి చూడమనండి.

హైదరాబాద్ అడ్రస్ పెట్టొచ్చు. సభ్యుల అడ్రస్ కాలిఫోర్నియాలోనే ఉండాలన్న నియమం లేదు, ఇల్లయినా ఆఫీసయినా పరవాలేదు. కాలిఫోర్నియాలో ఉండాల్సింది ఏజెంటు మాత్రమే.

లేబర్ జడ్జిమెంట్ ప్రశ్న 2022 జనవరి నుంచి వచ్చింది. మీ సభ్యుల్లో గానీ మేనేజర్లలో గానీ ఎవరి మీదైనా జీతాలు ఎగ్గొట్టినట్టు లేబర్ కమిషనర్ దగ్గరో కోర్టులోనో తుది తీర్పు వచ్చి, ఇంకా తీర్చకుండా ఉందా అని అడుగుతోంది. లేకపోతే లేదని పెట్టండి. పనివాళ్ల డబ్బు ఎగ్గొట్టి కొత్త పేరుతో ఇంకో కంపెనీ తెరిచేవాళ్లని బయటపెట్టడానికి తెచ్చిన చట్టం ఇది, నాకు చాలా నచ్చింది. అలవాటుగా నొక్కేయకుండా స్నేహితురాలిని కూడా అడిగే నొక్కండి. తప్పు చెబితే సంతకం మీది.

సీఈఓ ఉంటేనే రాయాలి. లేరు కాబట్టి ఖాళీగా వదిలేయండి. ఇక్కడ ఇంకొకళ్లకి పనికొస్తుందని ఒక మాట: హెచ్-1బీ మీద ఉండి పేరు ఎల్‌ఎల్‌సీలో పెట్టుకున్నవాళ్లు, మేనేజరు, సీఈఓ లాంటి గళ్లు నింపే ముందు మీ ఇమిగ్రేషన్ లాయరుని అడగండి. ఈ కాగితం ఎవరైనా చదవగలిగేది.

ఇప్పుడు మీ అసలు భయం, ఇంటి అడ్రస్. ఉన్నదున్నట్టు చెబుతాను. ప్రిన్సిపల్ ఆఫీసు అన్న చోట వ్యాపారం నిజంగా జరిగే వీధి అడ్రస్ రావాలి, పోస్టాఫీసు బాక్సు ఒప్పుకోరు. మీరు ఇంట్లోంచే చేస్తున్నారు కాబట్టి ఇంటి అడ్రస్సే వస్తుంది. ఎక్కడైనా చిన్న గది అద్దెకి తీసుకుని అక్కడ కొలతలు తీసుకుంటుంటే ఆ అడ్రస్ పెట్టొచ్చు, సభ్యురాలిగా మీ పేరు పక్కన కూడా అదే రాయొచ్చు. మెయిలింగ్ అడ్రస్‌కి మాత్రం బాక్సు పెట్టుకోవచ్చు. ఒకసారి వేసిన స్టేట్‌మెంట్ రికార్డులోంచి తీసేయరు, తర్వాత మార్చినా పాత పీడీఎఫ్ అక్కడే ఉంటుంది. అందుకే గది తీసుకునే ఆలోచన ఉంటే జూన్ 30 దాకా టైం ఉంది, ముందది తేల్చుకుని అప్పుడు వేయండి. ఏజెంటు సంగతి మాత్రం అంతవరకు ఆపొద్దు అనిపిస్తే, ఏజెంటు కంపెనీతో ఈలోపే మాట్లాడి సిద్ధం చేసుకోండి. ఎవరైనా వేధింపులకి గురై, గృహహింస నుంచి బయటపడి అడ్రస్ దాచుకోవాల్సిన స్థితిలో ఉంటే సేఫ్ ఎట్ హోమ్ అని రాష్ట్రమే నడిపే కార్యక్రమం ఉంది, దానికి దరఖాస్తు పెట్టుకోండి.

అన్నీ నింపాక ఒకసారి మొత్తం చూపిస్తుంది. అక్కడ తొందరపడకండి. స్పెల్లింగు, జిప్ కోడ్, ఏజెంటు పేరు గట్టిగా చదువుకోండి. ఈమెయిల్‌లో నోటీసులు కావాలా అని అడుగుతుంది, కావాలనే పెట్టండి. ఫ్రీమాంట్ ఇంటికి ఉత్తరం వెళ్లి తిరిగి మీకు చేరే బాధ తప్పుతుంది. 20 డాలర్లు కార్డుతో కట్టి, ఆమోదించిన పీడీఎఫ్ దాచుకోండి. మధ్యలో మళ్లీ అడ్రస్ మారినా ఏజెంటు మారినా 2027 దాకా ఆగక్కర్లేదు. వేసుకునే కాలం కానప్పుడు మార్పుల కోసం వేసే స్టేట్‌మెంట్‌కి ఫీజు లేదు. ఈ సంగతి తెలియక ఎంతమంది తప్పుడు అడ్రస్‌తో రెండేళ్లు గడిపేస్తారో.

మిల్పిటాస్ మామ

పద్మంగారూ, మీరు చెప్పినట్టు మా కంపెనీ పేరు కొట్టి చూశాను. స్టేట్‌మెంట్ వేసే ఉంది, సీపీఏ ఆఫీసు వాళ్లే వేశారు. కానీ ఏజెంటుగా ఉన్న పేరు ఆ ఆఫీసులో పనిచేసినాయనది, ఆయన ఇప్పుడక్కడ లేరు. నా ఎల్‌ఎల్‌సీకి కోర్టు కాగితం వస్తే ఎవరికి వెళ్తుందో నాకే తెలియదన్నమాట. ఈ రాత్రే మార్చేస్తున్నాను, నా పేరే పెట్టుకుంటాను.

ఒక సందేహం. మా తమ్ముడు 2019లో ఒక ఎల్‌ఎల్‌సీ పెట్టి, వ్యాపారం సాగక వదిలేశాడు. ఏ పనీ చేయని కంపెనీకి కూడా ఇదంతా అవసరమా?

పద్దుల పద్మం

మామగారూ, మంచిపని చేస్తున్నారు. అదే పట్టీలో స్టాండింగ్ అని నాలుగు వరసలుంటాయి, అందులో ఏజెంట్ అని ఒకటి. ఆయన అధికారికంగా తప్పుకుంటున్నట్టు కాగితం వేస్తే తప్ప అక్కడ మార్పు కనిపించదు. గుడ్ అని ఉంది కదా అని నమ్మకండి, పేరు చదవండి.

తమ్ముడి ఎల్‌ఎల్‌సీ గురించి: అవసరమే. వ్యాపారం మానేసినంత మాత్రాన కంపెనీ మూతపడదు. రద్దు కాగితం వేసేదాకా స్టేట్‌మెంటూ బాకీ పడుతుంది, ఏడాదికి 800 కూడా పడుతూనే ఉంటుంది. ఇది ఎన్నో కుటుంబాల్ని పీల్చేస్తోంది, దయచేసి ఆలస్యం చేయనివ్వకండి. ముందు స్టేటస్ చూడమనండి. యాక్టివ్ అని ఉంటే, సభ్యులందరూ ఒప్పుకుని మూసేస్తే ఎల్‌ఎల్‌సీ-4/7 ఒక్కటి వేస్తే చాలు, దానికి ఫీజు లేదు. ఫైనల్ అని టిక్ చేసి ఆఖరి ట్యాక్స్ రిటర్ను కూడా వేయాలి. సస్పెండెడ్ ఎఫ్‌టీబీ (ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు ఆపింది) అని ఉంటే మాత్రం ముందు పాత రిటర్నులు, బాకీలు తేల్చి, ఎఫ్‌టీబీ 3557 ఎల్‌ఎల్‌సీ అనే ఫారంతో బతికించాలి, ఆ తర్వాతే మూయడం. సస్పెండెడ్ ఎస్‌ఓఎస్ (సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆపింది) అని ఉంటే ఆగిపోయిన స్టేట్‌మెంట్ వేయడంతో మొదలుపెట్టాలి. 250 పెనాల్టీ పడి ఉండి, సరైన కారణం చూపగలిగితే మాఫీ చేయమని సెక్రటరీ ఆఫ్ స్టేట్‌నే అడగొచ్చు.

ట్రేసీ మగ్గం

పద్మక్కా, నా స్నేహితురాలితో మాట్లాడాను. పేరు తీసేయలేదని విని చాలా సంతోషించింది. ఎల్‌ఎల్‌సీ-1లో సభ్యులందరూ అనే ఉంది, ఇద్దరి పేర్లూ రాస్తున్నాను. మా వీధి చివర సెలూన్ వాళ్ల దగ్గర చిన్న గది ఖాళీ ఉంది, రేపు వెళ్లి అడుగుతాను. ఏజెంటు కంపెనీకి కూడా అప్లై చేశాను.

ఒకటే ప్రశ్న మిగిలింది. ఇది వేస్తే మా కొత్త అడ్రస్ అన్నిచోట్లా మారినట్టేనా? బీఓఐ అని ఇంకోటి వేయాలని కూడా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది.

పద్దుల పద్మం

మారదు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర మారుతుంది, అంతే. ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డుకి 3533-బి, ఐఆర్‌ఎస్‌కి 8822-బి విడిగా పంపండి. ఐఆర్‌ఎస్ దగ్గర ఈఐఎన్ (కంపెనీ పన్ను నంబరు) తీసుకున్నప్పుడు బాధ్యుడిగా మరిదిగారి పేరు ఇచ్చి ఉంటే అదీ ఆ ఫారంలోనే మార్చాలి. మీరు బట్టలు అమ్ముతారు కాబట్టి సెల్లర్స్ పర్మిట్ ఉండాలి, అమ్మకం పన్ను చూసే రాష్ట్ర శాఖ సీడీటీఎఫ్ఏ ఖాతాలో లాగిన్ అయి అక్కడా అడ్రస్ మార్చండి. ట్రేసీ సిటీ బిజినెస్ లైసెన్సు కొత్తగా తీసుకోవాలి, ఫ్రీమాంట్‌ది ఇక్కడ చెల్లదు.

బీఓఐ సంగతి: అది కంపెనీ అసలు యజమానులెవరో ఫెడరల్ ప్రభుత్వానికి చెప్పే రిపోర్టు. అమెరికాలో పెట్టిన కంపెనీలకి అది అక్కర్లేదని 2025 మార్చిలో ట్రెజరీ శాఖలోని ఫిన్‌సెన్ నిబంధన మార్చింది. మీరు వేయక్కర్లేదు. దాని పేరు చెప్పి డబ్బు అడిగే ఉత్తరం వస్తే అదీ పక్కన పడేయండి.

ఎల్‌ఎల్‌సీ పేరుతో కాకుండా బోర్డు మీద వేరే పేరుతో నడుపుతుంటే ఫిక్టీషియస్ బిజినెస్ నేమ్ కూడా చూసుకోండి. అది కౌంటీది. ఫ్రీమాంట్ ఉన్నది అలమీడా కౌంటీలో, ట్రేసీ శాన్ వాకీన్ కౌంటీలో. కొత్తగా శాన్ వాకీన్ కౌంటీ క్లర్కు దగ్గర వేసి, వారానికోసారి చొప్పున నాలుగు వారాలు పేపర్లో వేయించాలి. ఐదేళ్లకోసారి రెన్యూ చేయాలి. గది అడ్రస్ ఖాయం అయ్యాకే దీనికి వెళ్లండి, లేకపోతే పేపరు ఖర్చు రెండోసారి పడుతుంది.